సాహస చిత్రాల ఆకర్షణ

కళలను గూర్చి మాట్లాడేటప్పుడు మనం తరచు రెండు పంక్తులు వేస్తాము. పండితుల మెప్పు పొందేవి ఒక పంక్తిలోను, పామరుల చప్పట్లు పొందేవి మరొక పంక్తిలోను కూర్చుంటవి. చలనచిత్రాల విషయంలో ఈ పంక్తిభేదాన్ని మరీ కఠినంగా పాటించారు. ప్రసిద్ధమైన నవలను ఆధారంగా చేసుకొని, పేరుపొందిన నటీనటులతో, లక్షలు వెచ్చించి తీసిన చిత్రాన్ని గురించి పత్రికలు పుటలకు పుటలు వ్రాసేవి. అదే ఊరి చివర డేరా హాలులో, నేల తరగతి జనం ఈలలు వేస్తుండగా ఆడిన కత్తియుద్ధపు చిత్రాన్ని మాత్రం 'స్టంటు చిత్రం' అన్న ఒక్క మాటతో సరిపెట్టేవి. ఆ ఒక్క మాటలోనే విచారణ, తీర్పు, శిక్ష మూడూ ఇమిడి ఉండేవి.

అయినా ఆ చిత్రాలు నశించలేదు. ముసుగులు, కొరడాలు, కత్తులు, మంత్రదండాలు, గుర్రాలు ముడిసరుకుగా, కొద్దిపాటి పెట్టుబడితో, కొద్ది రోజులలో తయారైన ఈ చిత్రాలు ఏదో ఒక రూపంలో దేశదేశాలలోను బ్రతికినవి. పెద్ద చిత్రాల కథలు మరచిపోయిన ప్రేక్షకుడు, చిన్ననాడు చూచిన ఒక దూకుడును, ఒక కోటగోడ ఎక్కటాన్ని నలభై ఏండ్ల తరువాత కూడా కన్నులకు కట్టినట్లు వర్ణించగలుగుతాడు. ఇందుకు కారణమేమి? వీటిలో నిజమైన కళ ఏమైనా ఉన్నదా, లేక కేవలం చౌకబారు ఉద్రేకమేనా? ఇంటిలో పిల్లలు ఇట్టి చిత్రాలు చూస్తామంటే పెద్దలు ఏమనవలె? ఈ ప్రశ్నలను కొంచెం నిదానంగా విచారించటమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా ఈ చిత్రాలకు తోబుట్టువు వంటి బొమ్మల కథను చూడవలె. పాశ్చాత్యులు దీనిని కామిక్ అంటారు. ఒక పుటను గళ్ళుగా విభజించి, ప్రతి గడిలోను ఒక బొమ్మ గీసి, పాత్రల మాటలను బుడగలలో వ్రాసి కథ నడిపించటం దీని పద్ధతి. చిత్రకారునికి దొరికే చోటు చాల తక్కువ. కాబట్టి అతడు వీరుని ఒక దుస్తుతోను, దుర్మార్గుని ఒక కనుబొమతోను గుర్తుపట్టేటట్లు చేయవలె. ఒక గడిలో వీరుడు మేడపై నిలిచి ఉంటాడు. మరుసటి గడిలో నేలపై ఉంటాడు. మధ్యనున్న దూకుడు కాగితం మీద లేదు. అది చదువరి మనస్సులో జరుగుతుంది. బొమ్మల కథ బలమంతా ఈ ఖాళీలోనే ఉన్నది.

మనకు ఇది కొత్త సంగతి కాదు. తోలుబొమ్మలాటలో బొమ్మ పలుచనిది. దానికి లోతు లేదు. తెరమీద కాలు పెట్టగానే ఇతడు రాముడు, ఇతడు రావణుడు అని రంగును బట్టి, కిరీటాన్ని బట్టి పసిపిల్లవానికి కూడా తెలుస్తుంది. మధిర సుబ్బన్న దీక్షితుల వారి కాశీమజిలీ కథలలో మజిలీ మజిలీకి కథ సాగుతూ, తరువాత ఏమవుతుందోనన్న ఆత్రం చదువరిని ముందుకు లాగుతుంది. స్పష్టమైన ఆకారం, ఆగి ఆగి సాగే కథ – ఈ రెండింటినీ కలిపి వెండితెరకు ఎక్కిస్తే సాహస చిత్రం సిద్ధమైనట్లే.

ఈ పనిని ఒక కర్మాగారం వలె నడిపిన సంస్థ అమెరికాలోని రిపబ్లిక్ పిక్చర్స్. 1935లో హెర్బర్ట్ యేట్స్ అనే వ్యాపారి కొన్ని చిన్న సంస్థలను కలిపి దీనిని ఏర్పాటు చేశాడు. 1936 మొదలు 1955 వరకు ఈ సంస్థ 66 సీరియల్ చిత్రాలు తీసినది. ఒక్కొక్క సీరియల్ పన్నెండో పదిహేనో భాగాలు. వారానికి ఒక భాగం చొప్పున హాలులో వేసేవారు. ప్రతి భాగం చివర వీరుడు మృత్యుముఖంలో ఉంటాడు. కారు కొండ అంచు దాటుతుంది. గది మంటలలో కూలుతుంది. అంతటితో ఆట ముగుస్తుంది. వీరుడు బ్రతికినాడా లేదా అన్నది వచ్చే వారం మరల టిక్కెట్టు కొన్నవానికే తెలుస్తుంది. ఖర్చు తగ్గించటానికి ఒక్కొక్క సీరియల్‌లో ఒక భాగాన్ని పాత భాగాలలోని దృశ్యాలనే గుదిగుచ్చి తయారుచేసేవారు. పాత్రలు ఒక గదిలో కూర్చొని 'ఆనాడు ఏమి జరిగినదంటే' అని జ్ఞాపకం చేసుకుంటారు. గత వారాల ముక్కలు తెరపై నడుస్తవి. నిర్మాతకు కొత్త ఫిల్ము ఖర్చు మిగులుతుంది.

రేడియోతో సంబంధమున్న వారికి ఇక్కడ ఒక విశేషం చెప్పవలె. 'లోన్ రేంజర్' అనే ముసుగువీరుడు పుట్టినది తెరమీద కాదు, కాగితం మీదా కాదు; 1933లో అమెరికాలోని డెట్రాయిట్ నగరపు రేడియో కేంద్రంలో. రిపబ్లిక్ వారు అతనిని 1938లో సీరియల్‌గా తీశారు. వినికిడిలో పుట్టిన వీరుడు చూపుకు అందినాడు. ఇది సహజమే. రేడియో నాటకశాలలో రెండు కొబ్బరి చిప్పలు తట్టితే గుర్రం పరుగెడుతుంది. పలుచని రేకును ఆడిస్తే ఉరుము ఉరుముతుంది. లేనిదానిని ఉన్నట్లు నమ్మించటంలో శ్రోత మనకు సగం పని చేసిపెడతాడు. చౌక చిత్రాల రహస్యం కూడా అదే.

ఆ సంస్థ తీసిన వాటిలో పరిశీలించదగినది 1941లో వచ్చిన 'కెప్టెన్ మార్వెల్ సాహసాలు'. కామిక్ పుస్తకంలోని మహాబలుని నటులతో తెరకెక్కించిన మొదటి చిత్రంగా దీనిని చరిత్రకారులు పేర్కొంటారు. బిల్లీ బాట్సన్ అనే కుర్రవాడు 'షజామ్' అనే మంత్రాక్షరాలు ఉచ్చరించగానే మెరుపు మెరసి, అజేయుడైన వీరుడుగా మారిపోతాడు. పన్నెండు భాగాల ఈ సీరియల్‌కు అయిన ఖర్చు సుమారు 1 లక్షా 45 వేల డాలర్లు. రెండేండ్ల ముందు, 1939లో వచ్చిన 'గాన్ విత్ ది విండ్'కు 38 లక్షల డాలర్లకు పైగా అయినది. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టుకుంటే సీరియల్ నిర్మాత ఎంత ఇరుకులో పనిచేశాడో తెలుస్తుంది.

ఇరుకులో ఉన్నవాని బుద్ధి ఎట్లా పనిచేసినదో చూడండి. వీరుడు ఆకాశంలో ఎగరవలె. హోవర్డ్, థియొడోర్ లైడెకర్ అనే సోదరులు అట్టగుజ్జుతో మనిషికంటే కొంచెం పెద్దదైన బొమ్మను చేసి, దానికి వీరుని దుస్తు తొడిగి, సన్నని తీగలపై కప్పీలతో జారవిడిచారు. ఈ పనిని గది లోపల చేయలేదు. ఆరుబయట, ఎండలో, నిజమైన కొండల ఎదుట చేశారు. అందువలన బొమ్మ మీద పడిన వెలుగు నిజమైన వెలుగు. వెనుకనున్న కొండ నిజమైన కొండ. నేల మీది నుండి ఎగిరే క్షణంలోను, దిగే క్షణంలోను డేవిడ్ షార్ప్ అనే సాహసి దూకుతాడు. దూకిన మనిషి, జారిన బొమ్మ, మరల నిలబడిన నటుడు – ఈ మూడు ముక్కలను అతికితే చూచేవాని కంటికి ఒకే వీరుడు ఎగిరినట్లు తోస్తుంది. 1948లో కొలంబియా సంస్థ వారు 'సూపర్‌మాన్' సీరియల్ తీసినప్పుడు, వీరుడు ఎగిరే చోట గీసిన బొమ్మను వాడారు. నిలబడి ఉన్నంతసేపు మనిషి. నేల విడువగానే కార్టూను. దానిని చూచి పిల్లలు కూడా నవ్వుకున్నారు. రెండూ చౌకవే. ఒకటి నమ్మించినది, మరొకటి నమ్మించలేదు. కాబట్టి భేదం ధనంలో లేదు, ఆలోచనలో ఉన్నది.

దెబ్బలాటల సంగతి కూడా ఇంతే. మొదటి రోజులలో తెరమీద కొట్లాట అంటే పదిమంది ఒకరి మీద ఒకరు పడటం. కెమెరా దూరాన నిలబడి చూడటం. ఎవరు ఎవరిని కొట్టినారో తెలిసేది కాదు. కెప్టెన్ మార్వెల్ దర్శకులలో ఒకడైన విలియం విట్నీ, నృత్య దర్శకుడు బస్బీ బర్క్‌లీ ఒక నాట్యాన్ని చిన్న చిన్న తునకలుగా సాధన చేయించి చిత్రించటం గమనించాడు. దెబ్బలాటను కూడా ఆ విధంగానే తునకలు చేసి తీయనారంభించాడు. ఒక తునకలో పిడికిలి, ఒక తునకలో కూలిన బల్ల, ఒక తునకలో లేచిన మనిషి. కొట్లాటకు లయ వచ్చినది. బొమ్మల కథలోని గళ్ళకు, ఈ తునకలకు ఉన్న సామ్యాన్ని వేరుగా చెప్పనక్కరలేదు. నేడు ప్రపంచంలో ఎక్కడ పోరాట దృశ్యం తీసినా ఈ వ్యాకరణాన్నే వాడుతున్నారు.

ఇక మన దేశానికి వద్దాము. 1933లో బొంబాయిలో వాడియా మూవీటోన్ స్థాపించిన జె. బి. హెచ్. వాడియా, అతని తమ్ముడు హోమీ వాడియా పార్సీలు. అన్నగారు న్యాయశాస్త్రం చదివినవాడు, ఎం. ఎన్. రాయ్ భావాల అభిమాని. అట్టి విద్యావంతుడు ఏరికోరి స్టంటు చిత్రాలు తీయటం ఆలోచించదగిన విషయం. వారి చిత్రాలలోకి వచ్చిన వనిత మేరీ ఇవాన్స్. 1908లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో పుట్టి, చిన్నతనంలోనే మన దేశానికి వచ్చి, సర్కస్‌లోను, నృత్య బృందంలోను పనిచేసినది. నాడియా అన్న పేరుతో 1935లో 'హంటర్‌వాలీ'లో నటించినది. దుష్టమంత్రి దురాగతానికి బలి అయిన రాజు కుమార్తె ముసుగు ధరించి, కొరడా చేతబట్టి, గుర్రమెక్కి పేదల పక్షాన నిలబడటం ఇందలి కథ. నీలికన్నుల, బంగారు జుట్టు గల స్త్రీ పురుషులను ఎత్తి పారవేసే చిత్రాన్ని ఎవరు చూస్తారని పంపిణీదారులు సందేహించారు. వాడియా సోదరులు తామే సాహసించి విడుదల చేశారు. జనం విరగబడి చూచినారు.

1936లో వచ్చిన 'మిస్ ఫ్రాంటియర్ మెయిల్'లో ఆమె పరుగెత్తే రైలు పైకప్పు మీద పోరాడినది. మరొక చిత్రంలో సింహాలతో నటించినది. గుర్రానికి 'పంజాబ్ కా బేటా' అని, కారుకు 'రోల్స్ రాయిస్ కీ బేటీ' అని పేర్లు పెట్టి వాటిని కూడా పాత్రలను చేశారు. ఈ హాస్యధోరణి బొమ్మల కథ లక్షణమే. అయితే ఆ హాస్యం క్రింద ఒక గంభీరమైన మాట ఉండేది. 1940 నాటి 'డైమండ్ క్వీన్'లో నాయిక అక్షరాస్యతను గురించి, స్త్రీ స్వేచ్ఛను గురించి మాట్లాడుతుంది. దేశం పరపాలనలో ఉన్న ఆ రోజులలో, అన్యాయంగా గద్దెనెక్కినవానిపై తిరగబడే కథకు ప్రేక్షకులు తమ అర్థం తాము చెప్పుకునేవారు. సామాజిక చిత్రాలలో నాయిక గడప దాటటానికి కన్నీరు కార్చే కాలంలో, నేల తరగతి ప్రేక్షకుడు మాత్రం కోటగోడ దాటిన నాయికకు చప్పట్లు కొట్టినాడు. ఏ పంక్తి ముందున్నది, ఏ పంక్తి వెనుకబడినది అన్నది ఇప్పుడు వెనుకకు తిరిగి చూస్తే అంత సులభంగా తేల్చలేము.

తెలుగునాట ఈ సంప్రదాయం జానపద చిత్రంగా వికసించినది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు చందమామ పత్రికను ప్రారంభించారు. వారే విజయా సంస్థ నెలకొల్పి, 1951లో కె. వి. రెడ్డి గారి దర్శకత్వంలో 'పాతాళభైరవి' తీశారు. పత్రికలో రంగుల బొమ్మలుగా ఇంటింటికి వచ్చిన రాజకుమారులు, మాంత్రికులు, గుహలు తెరమీద కూడా కనిపించటం యాదృచ్ఛికం కాదు; ఊహ ఒకటే, ఇల్లూ ఒకటే. అయితే 'పాతాళభైరవి' పెద్ద సంస్థ నిర్మించిన భారీ చిత్రం. అదే లోకాన్ని తక్కువ ఖర్చుతో, ఏడాదికేడాది, విసుగులేకుండా ప్రజలకు అందించిన ఘనత బి. విఠలాచార్యకు దక్కుతుంది.

1920లో ఉడిపిలో జన్మించిన విఠలాచార్య కన్నడ చిత్రరంగం నుండి తెలుగునకు వచ్చి, 1999లో మరణించేనాటికి 'జానపద బ్రహ్మ' అన్న పేరు తెచ్చుకున్నారు. 'బందిపోటు' 1963లో, 'అగ్గిపిడుగు' 1964లో, 'జ్వాలాద్వీప రహస్యం' 1965లో, 'గండికోట రహస్యం' 1969లో వచ్చినవి. రామారావు గారి వంటి అగ్రనటుడు ఒకవైపు, 'కత్తి కాంతారావు' అని జనం ముద్దుగా పిలుచుకున్న కాంతారావు గారు మరొకవైపు ఈ చిత్రాలకు వీరులు. ఒక చిత్రానికి వేసిన కోట మరొక చిత్రంలో రంగు మార్చుకొని కనబడేది. నటుడు పిలిచిన రోజుకు రాకపోతే ఆ పాత్రను మాంత్రికుని శాపంతో చిలుకగానో మేకగానో మార్చి పని సాగించేవారని చిత్రరంగంలో ఒక చమత్కారం చెప్పుకుంటారు. అందులో అతిశయోక్తి ఎంత ఉన్నా, కథను ఖర్చుకు అనుగుణంగా మలచుకొనే ఆ నేర్పు మాత్రం కల్పన కాదు.

ఈ చిత్రాలలోని మాయలు ఎట్లా సాధ్యమైనవో తెలిస్తే వాటి మీద గౌరవం పెరుగుతుందే కాని తరగదు. కెమెరాను కదలకుండా నిలిపి, క్షణం ఆపి, మనిషి నిలిచిన చోట పక్షిని ఉంచి మరల త్రిప్పితే శాపం ఫలిస్తుంది. గోడ మీది నుండి దూకిన దృశ్యాన్ని వెనుక నుండి ముందుకు నడిపిస్తే వీరుడు ఒక్క గెంతున గోడ ఎక్కుతాడు. ఒకే ఫిల్ము మీద రెండుమార్లు చిత్రిస్తే అన్నదమ్ములిద్దరు ఒకే నటుని రూపంలో ఎదురెదురు నిలుస్తారు. ఇందులో ఏ ఒక్కటి రవ్వంత తప్పినా ఆట బయటపడుతుంది. కత్తియుద్ధం సంగతి చెప్పనే అక్కరలేదు. పై దెబ్బ, క్రింది దెబ్బ, తిరుగుడు, వెనుకంజ – అన్నిటికీ లెక్కలున్నవి. ఇద్దరూ ఒకే లెక్కలో ఉండకపోతే కన్నో వ్రేలో పోతుంది. ప్రేక్షకునికి అది వైరం. నటులకు అది పరస్పర విశ్వాసం.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఈ చిత్రాల ఆకర్షణకు మూడు కారణాలు కనిపిస్తున్నవి. మొదటిది, న్యాయం కంటికి కనబడటం. జీవితంలో మంచివాడెవడో చెడ్డవాడెవడో తేలటానికి ఏండ్లు పడుతుంది. ఒక్కొక్కప్పుడు తేలనే తేలదు. రోజంతా కష్టపడి, సాయంకాలం కొన్ని అణాలు ఖర్చుపెట్టి వచ్చిన కూలివానికి, రెండున్నర గంటలలో అన్యాయం ఓడిపోవటం ఒక ఓదార్పు. దీనిని పలాయనమని విమర్శకులు అన్నారు. కాని మరునాడు అతడు పనిలోకే వెళ్ళినాడు, పారిపోలేదు. రెండవది, శరీరం చెప్పే సత్యం. కథ అబద్ధం కావచ్చును, కోట అట్టది కావచ్చును. రైలు మీద నిలిచిన నాడియా మాత్రం నిజంగానే నిలిచినది. మూడవది, ప్రేక్షకుని భాగస్వామ్యం. సర్వమూ అమర్చి పెట్టిన చిత్రంలో అతనికి చేయటానికి పని లేదు. చౌక చిత్రం సగం మాత్రమే చూపి, మిగతా సగాన్ని అతనికి వదలుతుంది. తాను పూర్తిచేసినదానిని మనిషి సులభంగా మరచిపోడు.

ఇక దోషాలు. వీటిని కప్పిపుచ్చటం న్యాయం కాదు. త్వరగా గుర్తుపట్టించే ఆకారం కావలెనన్న అవసరమే ఈ చిత్రాలను పెద్ద తప్పులోకి దించినది. 1936లో వచ్చిన 'ఫ్లాష్ గార్డన్' సీరియల్‌లోని క్రూర చక్రవర్తిని చూడగానే ఆనాటి అమెరికనులకు తూర్పుదేశాలవారి మీద ఉన్న ద్వేషభావం తెలుస్తుంది. మన చిత్రాలలో అడవిలో నివసించే ప్రజలను ముఖానికి మసి పూసి, అర్థంలేని కేకలు వేయించి, నరబలికి సిద్ధపడేవారుగా చూపారు. పొట్టివారు, వికలాంగులు నవ్వుకు సాధనమైనారు. ఇది పేదరికం వలన వచ్చిన దోషం కాదు, ఆలోచించని అలవాటు వలన వచ్చినది. పైన మెచ్చుకున్న కెప్టెన్ మార్వెల్ సీరియల్ మొదటి భాగంలోనే వీరుడు పారిపోతున్న శత్రువుల మీదికి మరతుపాకి త్రిప్పుతాడు. లొంగిపోయినవానిని, పారిపోయేవానిని కొట్టరాదన్నది మన పురాణాలు చెప్పే యుద్ధధర్మం. పిల్లవాడు దీనిని చూచి చప్పట్లు కొడితే ప్రక్కనున్న పెద్దవాడు మౌనంగా ఉండరాదు.

తెరవెనుక పడిన బాధ మరొకటి. దూకినవాడు ఒకడు, పేరు వచ్చినది మరొకనికి. పోరాటగాండ్ర పేర్లు అనేక చిత్రాలలో తెరమీద కనబడనే లేదు. మూగజీవాలు పడిన బాధ ఇంకొకటి. పరుగెత్తే గుర్రం కాళ్ళకు తీగ కట్టి పడవేసే క్రూరపద్ధతి ఆ రోజుల హాలీవుడ్‌లో ఉండేది. 1936 నాటి 'ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్' చిత్రీకరణలో గుర్రాలు చనిపోయినవి. 1939 నాటి 'జెస్సీ జేమ్స్' కోసం ఒక గుర్రాన్ని కొండచరియ మీది నుండి పడవేయగా అది మరణించినది. అప్పుడు పుట్టిన నిరసన ఫలితంగానే జంతువుల రక్షణకు పర్యవేక్షణ ఏర్పడినది. ఈ రెండూ పెద్ద సంస్థలు తీసిన, గౌరవం పొందిన చిత్రాలే. కాబట్టి క్రూరత్వం చౌక చిత్రాల సొత్తు అనుకొనరాదు. అయితే ఏ చిత్రంలోనైనా సరే, మన ఆనందానికి ఎవరు ఏమి చెల్లించినారో అడిగే బాధ్యత ప్రేక్షకునికి ఉన్నది.

కాలం ఈ చిత్రాల విషయంలో ఒక విచిత్రం చేసినది. బాల్యంలో సీరియళ్ళు చూచిన జార్జి లూకాస్ 'ఫ్లాష్ గార్డన్' తీయటానికి హక్కులు కావలెనని ప్రయత్నించి, దొరకక, తన సొంత కథ కల్పించి 1977లో 'స్టార్ వార్స్' తీశాడు. అతడు, స్టీవెన్ స్పీల్‌బర్గ్ కలసి 1981లో 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' తీసినప్పుడు కూడా ఆ పాత సీరియళ్ళనే ఆదర్శంగా పెట్టుకున్నారు. నాడు వెనుక పంక్తిలో కూర్చున్న కళ నేడు ముందు పంక్తిలో పీట వేసుకున్నది. కామిక్ వీరుల చిత్రాలకు ఇప్పుడు కోట్లాది డాలర్లు ఖర్చవుతున్నవి. గణకయంత్రం చూపలేనిది లేదు. నగరాలు కూలుతవి, నక్షత్రాలు బ్రద్దలవుతవి. కాని ఏదైనా చూపవచ్చునని తెలిసిన తరువాత, చూచేవానికి ఆశ్చర్యపడే అవకాశం తగ్గిపోయినది.

పెట్టుబడి లేనివానికి మార్గం మూసుకుపోయినదా అంటే, లేదు. మెక్సికో సరిహద్దు పట్టణంలో రాబర్ట్ రోడ్రిగెజ్ అనే యువకుడు సుమారు 7 వేల డాలర్లతో 'ఎల్ మరియాచి' అనే సాహస చిత్రం తీశాడు. అది 1992లో వెలువడినది. ఆ డబ్బులో కొంత భాగం కోసం అతడు కొత్త మందుల పరీక్షకు తన శరీరాన్నే అప్పగించి ఒక వైద్య పరిశోధనశాలలో గడిపినాడు. కథ వ్రాసుకొని వస్తువులు వెదకలేదు; తన దగ్గర ఉన్న వస్తువుల జాబితా వ్రాసుకొని వాటికి తగిన కథ అల్లుకున్నాడు. ఊరిలో ఒక బస్సు దొరుకుతుంది. కథలో బస్సు ఉన్నది. ఒక తాబేలు దొరికినది. కథలో తాబేలు నడిచినది. చక్రాల కుర్చీలో కూర్చొని కెమెరాను నడిపించాడు. అట్టి వాడే తరువాత, 2005లో, చిత్రకారుడు ఫ్రాంక్ మిల్లర్‌తో కలసి 'సిన్ సిటీ' కామిక్‌ను గడికి గడి తెరమీద నిలిపినాడు. కోట రంగు మార్చి మరల వాడిన విఠలాచార్యకు, ఇతనికి మధ్య భాషాభేదమే కాని బుద్ధిభేదం లేదు.

తక్కువ ఖర్చుతో తీసినంత మాత్రాన చిత్రం గొప్పది కాదు. ఊహ లేని చౌక చిత్రం కంటే దుర్భరమైనది మరొకటి లేదు. కాబట్టి ఇంటిల్లిపాది ఇట్టి చిత్రం చూచినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే మంచి చెడులు తేలిపోతవి. వీరుడు బలవంతుడు గనుక గెలిచినాడా, న్యాయం అతని పక్షాన ఉన్నందున గెలిచినాడా? దుర్మార్గుని దుర్మార్గం అతని పనులలో ఉన్నదా, కేవలం అతని రంగులోను, రూపంలోను, జాతిలోను ఉన్నదా? లేనిదానిని నమ్మించటానికి చిత్రకారుడు శ్రమపడినాడా, ప్రేక్షకుడు అమాయకుడు గదా అని ఏదో ఒకటి చేసి పంపినాడా? ఈ మూడింటికి నిలిచిన చిత్రాన్ని పిల్లలతో కలసి నిస్సంకోచంగా చూడవచ్చును. నిలవని దానిని కూడా ఒక్కొక్కప్పుడు చూడవచ్చును. ఎందుకు నిలవలేదో వారికి చెప్పటానికి. నిషేధించిన చిత్రాన్ని పిల్లవాడు చాటుగా చూస్తాడు. చర్చించిన చిత్రాన్ని ఆలోచించి చూస్తాడు.

చివరగా ఒక్క మాట. తక్కువగా చూచినదానిని మనం భద్రపరచము. మన మూకీ యుగంలో వెయ్యికి మించి చిత్రాలు తయారు కాగా, నేడు మిగిలినవి వ్రేళ్ళమీద లెక్కించదగినంత స్వల్పం. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడే నాటికే ఎన్నో చిత్రాల ఫిల్ములు పాడైపోయినవి; కొన్నిటిని అందులోని వెండి కోసం కరిగించివేశారు. అట్లా పోయినవాటిలో గొప్ప పౌరాణికాలు ఉన్నవి, చిన్న స్టంటు చిత్రాలూ ఉన్నవి. ఏది ఉంచదగినదో, ఏది పారవేయదగినదో నిర్ణయించే తొందర వలన మనం పోగొట్టుకున్నది రెండు పంక్తులలోనిదీను. ఇప్పుడు పాత చిత్రాలు చాలావరకు ఇంటి తెర మీదికే వస్తున్నవి. ఏ ఆదివారం మధ్యాహ్నమో ఒక పాత కత్తియుద్ధపు చిత్రం కనబడితే, నవ్వి త్రిప్పివేయకుండా ఒక్క దృశ్యమైనా శ్రద్ధగా చూడండి. ఆ గోడ ఎంత ఎత్తున్నదో, ఆ మనిషి ఎక్కడ నుండి దూకినాడో, కెమెరా ఎప్పుడు ఆగి ఎప్పుడు కదిలినదో గమనించండి. కొద్దిపాటి డబ్బుతో, పెద్ద పట్టుదలతో ఒక బృందం పనిచేసిన రోజు ఆ దృశ్యంలో ఇంకా సజీవంగా ఉన్నది.